ఓస్లోలో ఒక్క రోజు: బిగ్దోయ్ ఓడల మ్యూజియాలు ఎలా చూడాలి

నార్వే రాజధాని ఓస్లోలో మీకు ఒకే ఒక్క రోజు ఉంటే, ఆ రోజును ఓడలకు ఇవ్వండి. ఊరికి పడమటి వైపు సముద్రపు పాయలోకి చొచ్చుకుని ఉన్న బిగ్దోయ్ అనే భూభాగం చివర ఫ్రామ్, కొన్-టికి, నార్వే సముద్రయాన మ్యూజియం అని మూడు మ్యూజియాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని గుమ్మంలో నిలబడితే ఇంకోటి కనిపిస్తుంది. దక్షిణ ధ్రువ యాత్రకు వెళ్లొచ్చిన ఫ్రామ్ ఓడ, పసిఫిక్ సముద్రం దాటిన కొన్-టికి తెప్ప, రెండు వేల ఏళ్ల నాటి దోనె, అన్నీ అక్కడే. నమూనాలు కావు, అసలువే.

మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను అక్కడికి తీసుకెళ్లాను. ఆ తర్వాత స్నేహితులు ఎవరు అడిగినా ఇదే వరుస చెబుతున్నాను.

ముందు రోజు రాత్రి చేయాల్సినవి

మొదట ఒక విషయం తెలుసుకోండి. పాత వీడియోల్లో, పాత వ్యాసాల్లో బిగ్దోయ్ అనగానే వైకింగ్‌ల, అంటే వెయ్యేళ్ల కిందటి ఇక్కడి సముద్ర యోధుల, ఓడల మ్యూజియం చూపిస్తారు. అది 2022లో మూతపడింది. ఆ స్థలంలోనే చాలా పెద్ద కొత్త మ్యూజియం కడుతున్నారు, 2027లో తెరవాలన్నది ప్రణాళిక. తొమ్మిదో శతాబ్దపు ఓసెబెర్గ్, గోక్‌స్టాడ్ ఓడలు చూడాలన్న ఆశతోనే ఓస్లో వచ్చేవాళ్లు ఉంటారు. అది తెరిచారో లేదో చూసుకున్నాకే విమానం టికెట్ కొనండి. మీరు వెళ్లే నాటికి తెరవకపోయినా బాధపడకండి, మిగతా మూడింటికే రోజంతా పడుతుంది.

మూడు మ్యూజియాల వెబ్‌సైట్లలో ఆ రోజు వేళలు చూడండి. వేసవిలో ఎక్కువసేపు తెరిచి ఉంచుతారు, చలికాలంలో తొందరగా మూసేస్తారు. తర్వాత ఓస్లో పాస్ లెక్క వేసుకోండి. 24, 48, 72 గంటల పాస్‌లు ఉంటాయి. ఈ మూడు మ్యూజియాలూ, ఊళ్లో బస్సు, ట్రామ్ ప్రయాణమూ అందులోకే వస్తాయి. మూడు టికెట్లు విడివిడిగా కొంటే ఎంతవుతుందో, పాస్ ఎంతో పక్కపక్కన రాసుకుని చూడండి. మూడూ చూసేవాళ్లకు సాధారణంగా పాసే లాభం. ఒక్క ఫ్రామ్ మాత్రమే చూసి వచ్చేవాళ్లకు అక్కర్లేదు.

నార్వేలో యూరోలు కాదు, క్రోన్లు. అయినా చేతిలో నోట్లు అవసరం పడదు, బస్సు టికెట్ దగ్గర్నుంచి కాఫీ దాకా అంతా కార్డే. విదేశాల్లో పనిచేసే కార్డు ఒకటి కాకుండా రెండు దగ్గర పెట్టుకోండి.

తిండి సంగతి. ఇక్కడ హోటల్ భోజనం ఖరీదు, శాకాహారులకు దొరికే రకాలూ తక్కువే. రాత్రే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుంటే మధ్యాహ్నానికి బాగా ఊరుతుంది. కుదరకపోతే రేమా 1000, కీవీ లాంటి సూపర్ మార్కెట్‌లో బ్రెడ్డు, పెరుగు, పళ్లు కొనుక్కోండి. ఆదివారం పెద్ద సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే ఆ పని చేసుకోండి. నీళ్ల సీసా కొనకండి, ఖాళీ సీసా తీసుకెళ్లి కుళాయి నీళ్లు పట్టుకోండి. ఓస్లో కుళాయి నీళ్లు హాయిగా తాగొచ్చు.

బట్టల విషయంలో జూన్, జూలై అని ధీమాగా ఉండకండి. సముద్రపు పాయ మీద గాలి కోస్తుంది. పలచటివి రెండు మూడు ఒకదాని మీద ఒకటి వేసుకుని, పైన గాలి, వాన ఆపే జాకెట్ వేసుకోండి. లోపల వేడిగా ఉంటుంది, అక్కడ తీసేయొచ్చు.

ఉదయం: అక్కడికి చేరడం

దారులు రెండు. వసంతం నుంచి శరదృతువు దాకా సిటీ హాల్ వెనక ఉన్న 3వ నంబరు రేవు నుంచి పడవ నడుస్తుంది. పావుగంట ప్రయాణం. మధ్యలో ద్రోన్నింగెన్ అనే ఇంకో రేవు వస్తుంది, అక్కడ దిగకండి. మీరు దిగాల్సింది బిగ్దోయ్‌నెస్. మీ దగ్గరున్న పాస్ గానీ, బస్సు టికెట్ గానీ ఆ పడవకు చెల్లుతుందో లేదో ఎక్కే ముందే అడగండి. రెండోది 30వ నంబరు బస్సు. నేషనల్ థియేటర్ దగ్గర ఎక్కితే మ్యూజియాల ముందే దింపుతుంది, ఏడాదంతా నడుస్తుంది. టికెట్ ఓస్లో బస్సుల సంస్థ రూటర్ యాప్‌లో ముందే కొనుక్కోండి.

నా మాట వింటే వెళ్లేటప్పుడు పడవలోనే వెళ్లండి. ఓడలు చూడబోయే ముందు ఆ నీళ్ల మీద కాసేపు ఉండటం మంచిది. రేవు దగ్గరపడుతుంటే నేల మీద నుంచి నిటారుగా లేచిన త్రికోణపు పైకప్పు కనిపిస్తుంది. అదే ఫ్రామ్ మ్యూజియం. తెరిచే వేళకు గుమ్మం ముందుండండి. మధ్యాహ్నానికి టూరు బస్సులు వచ్చేస్తాయి, ఓడ లోపల ఇరుకు దారుల్లో కదలడం కష్టమవుతుంది.

మొదటిది ఫ్రామ్, తొందరపడకండి

రోజు మొత్తంలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి, కనీసం రెండున్నర గంటలు. 1935లో ఈ ఓడను ఒడ్డుకు చేర్చి ఉంచి దాని చుట్టూ ఇల్లు కట్టారు, 1936లో మ్యూజియం తెరిచారు. లోపలికి వెళ్లగానే 39 మీటర్ల ఓడ మీ మీదకే వస్తున్నట్టు ఉంటుంది.

వెంటనే పైకి ఎక్కేయకండి. ముందు కింద నిలబడి ఓడ పొట్ట చూడండి. మామూలు ఓడలా కిందికి కోసుగా ఉండదు, గుండ్రంగా, నున్నగా ఉంటుంది. 39 మీటర్ల పొడవుకు 11 మీటర్ల వెడల్పు. ఆ ఆకారం అర్థమైతే మ్యూజియం సగం అర్థమైనట్టే.

దాని వెనక కథ ఇది. 1881లో జానెట్ అనే అమెరికా ఓడ సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్ల తర్వాత దాని వస్తువులు ఎక్కడో గ్రీన్‌లాండ్ తీరంలో దొరికాయి. అంటే మంచు కదులుతోంది, ధ్రువం పక్క నుంచే ప్రవహిస్తోంది. ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనే యువ శాస్త్రవేత్తకు ఒక ఆలోచన వచ్చింది. మంచుతో పోరాడటం ఎందుకు? కావాలనే అందులో ఇరుక్కుంటే అదే మోసుకెళ్తుంది కదా! కానీ నలిగిపోని ఓడ కావాలి. కోలిన్ ఆర్చర్ అనే పడవల నిపుణుడు దాన్ని కట్టి 1892 అక్టోబరులో నీళ్లలోకి దింపాడు. రెండు వేళ్ల మధ్య నొక్కితే సీతాఫలం గింజ పైకి జారిపోతుందే, అలాగే రెండు వైపుల నుంచీ మంచు నొక్కితే ఈ ఓడ పైకి లేచి మంచు మీద కూర్చుంటుంది. పక్క గోడల మందం 70-80 సెంటీమీటర్లు. చుక్కానినీ, వెనక తిరిగే మరనూ మంచు విరగ్గొట్టకుండా పైకి లాగేసుకునే ఏర్పాటు ఉంది. వెనక వైపు వెళ్లి అది తప్పక చూడండి.

1893 సెప్టెంబరులో ఫ్రామ్ మంచులో ఇరుక్కుంది. 1896 ఆగస్టులో బయటపడింది. దాదాపు మూడేళ్లు. లోపల ఉన్నది 13 మంది, ఒక్కరూ చనిపోలేదు.

ఇప్పుడు పైకెళ్లి ఓడలోకి దిగండి. ఇక్కడ మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ మనుషులు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఏం చేస్తూ పొద్దుపుచ్చారు? ఈ ప్రశ్నను రోజంతా మీతో తీసుకెళ్లండి, ప్రతి ఓడ దగ్గరా వేయండి. మధ్యలో ఒక హాలు, చుట్టూ చిన్న చిన్న గదులు. విశాఖలో కురుసుర జలాంతర్గామి లోపల నడిచినవాళ్లకు ఆ ఇరుకు వెంటనే గుర్తొస్తుంది. ఒకరి భుజం ఒకరికి తగలకుండా బతకడం కుదరని చోటు. అలాంటి చోట ఆర్నెల్ల చీకటిలో మతి చెడకుండా ఉండాలని నాన్సెన్ పుస్తకాలు పెట్టించాడు, వాయించుకోవడానికి ఆర్గాన్ పెట్టించాడు, దీపాల కోసం డెక్ మీద గాలిమర పెట్టి కరెంటు తీయించాడు. గోడల్లో చలి ఆగడానికి ఉన్ని, బెండు, రెయిన్‌డీర్ వెంట్రుకలు పొరలు పొరలుగా కూరారు. మా నాన్న ఒక గది ముందు చాలాసేపు నిలబడిపోయి, ఈ మంచం మీద మూడేళ్లా అని మళ్లీ మళ్లీ అడిగారు.

ఓడ లోపలి మెట్లు నిటారుగా ఉంటాయి, తలుపులు పొట్టివి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగమనండి. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకోవాలి. వీపు సంచులు బయటే పెట్టేయండి.

చుట్టూ ఉన్న అంతస్తుల్లో మూడు యాత్రల వస్తువులూ వరుసగా ఉంటాయి. అన్నీ చదవాలంటే రోజు చాలదు. రెండు చోట్ల మాత్రం ఆగండి. ఒకటి, నాన్సెన్, యాల్మర్ యోహాన్సెన్ ఇద్దరి నడక. మంచు తమను సరిగ్గా ధ్రువం మీదకు తీసుకెళ్లడం లేదని తెలిసి, 1895 మార్చిలో ఓడ దిగి స్కీలు, కుక్కలబళ్లు, చిన్న పడవలతో బయల్దేరారు. 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా వెళ్లారు. అప్పటిదాకా అంత ఉత్తరానికి వెళ్లిన మనిషి లేడు. వెనక్కి వస్తూ ఒక చలికాలమంతా రాళ్లూ, వాల్రస్ చర్మాలూ కప్పిన గుంట లాంటి గుడిసెలో గడిపారు. ఇద్దరూ బతికే వచ్చారు. ఇదే నాన్సెన్ తర్వాత శరణార్థుల కోసం పనిచేసి 1922లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు.

రెండోది రోవాల్డ్ అముండ్సెన్ అనే నార్వే అన్వేషకుడి యాత్ర. 1910లో ఉత్తరానికని చెప్పి ఇదే ఓడ తీసుకుని బయల్దేరాడు. మదీరా ద్వీపం దగ్గర ఆపి, మనం వెళ్తున్నది దక్షిణానికని మనుషులకు చెప్పాడు. ఓడలో వంద దాకా కుక్కలు. గుండ్రటి పొట్ట మంచులో వరమే గానీ మామూలు సముద్రంలో శాపం, ఓడ అటూ ఇటూ విపరీతంగా ఊగుతుంది. ఆ ఊపులో, ఆ కుక్కల మధ్య భూమధ్యరేఖ దాటి వెళ్లారు. 1911 డిసెంబరు 14న అముండ్సెన్, మరో నలుగురు దక్షిణ ధ్రువం చేరారు.

యోవా: దాటేయకండి

ఫ్రామ్ చూసి అలసిపోయి చాలామంది ఇక్కడి నుంచే బయటికెళ్లిపోతారు. అదే ప్రాంగణంలో పక్క భవనంలో యోవా అనే ఇంకో ఓడ ఉంది. నేల కింది దారి గుండా అక్కడికి వెళ్లొచ్చు. ఫ్రామ్‌తో పోలిస్తే చిన్నది, 21 మీటర్లు. చేపల పడవ అనుకోవచ్చు. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు కెనడా పైనున్న మంచు దీవుల గుండా దారి కోసం వందల ఏళ్లు ఎన్నో పెద్ద ఓడలు వెతికాయి. 1903 నుంచి 1906 మధ్య ఆ దారిన మొదట పూర్తిగా వెళ్లింది ఈ చిన్నదే. మొత్తం ఏడుగురు. ఓడ కట్టిందీ, నడిపిన అముండ్సెన్ పుట్టిందీ ఒకే ఏడు, 1872.

ఇక్కడ ముఖ్యంగా చూడాల్సింది బట్టలు. దారిలో రెండు చలికాలాలు ఒకే చోట ఆగిపోయినప్పుడు అక్కడి నెట్సిలిక్ ఇనుయిట్ ప్రజల దగ్గర అముండ్సెన్ చర్మం బట్టలు ఎలా వదులుగా వేసుకోవాలో, కుక్కలను ఎలా నడపాలో నేర్చుకున్నాడు. దక్షిణ ధ్రువం మీద ఆయన్ను నిలబెట్టింది ఆ చదువే. ధ్రువ వీరుల గొప్ప చెప్పే చోట ఆ గురువుల పేరు కూడా గట్టిగా చెప్పాలి. పిల్లలు వెంట ఉంటే ఈ మాట వాళ్లకు చెప్పండి.

మధ్యాహ్నం భోజనం

బయటికొచ్చి నీళ్ల ఒడ్డున కూర్చుని డబ్బాలు విప్పండి. సముద్రపు కాకులు చేతిలోది కూడా తన్నుకుపోతాయి, మూత తెరిచి పెట్టి ఫొటోలకు వెళ్లకండి. కొన్నది తినాలంటే వాఫల్ మీద గోధుమరంగు జున్ను పెట్టిచ్చేది అడగండి. ఆ జున్ను తియ్యగా, మాడీ మాడని పాలకోవాలా ఉంటుంది. అమ్మకు రొయ్యల బ్రెడ్డు నచ్చలేదు గానీ ఇది మాత్రం ఇంకోటి కావాలన్నారు.

అక్కడి నుంచి కొద్ది దూరంలోనే యుద్ధకాలపు నావికుల స్మారకం ఉంది. ఐదు నిమిషాలు అక్కడ నిలబడండి. దాని సంగతి మూడో మ్యూజియంలో తెలుస్తుంది.

రెండోది కొన్-టికి: తెప్ప మీద పసిఫిక్

దీనికి గంట చాలు. మన తీరం వాళ్లకు ఈ తెప్పను ఎవరూ వివరించనక్కర్లేదు. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టిందే. బాల్సా అనే తేలికపాటి చెట్టు దుంగలు తొమ్మిది, మీద వెదురు పాక, ఒక తెరచాప. ఎక్కడా ఇనుప మేకు లేదు. థోర్ హయర్‌డాల్ అనే నార్వే సాహసికుడు, మరో ఐదుగురు, ఒక చిలుక 1947 ఏప్రిల్ 28న పెరూ దేశపు కయావో రేవు నుంచి బయల్దేరి, 101 రోజుల తర్వాత రారోయా అనే పగడపు దీవి మీదకు కొట్టుకొచ్చారు. చిలుక మాత్రం దారిలోనే అలకు కొట్టుకుపోయింది. హయర్‌డాల్ చిన్నప్పుడు నీళ్లలో మునగబోయి బతికినవాడు, నీళ్లంటే భయం ఉన్నవాడు. అలాంటివాడు ఈ పని చేశాడు.

తెప్ప దగ్గర తాళ్లను చూడండి. రెండు వారాల్లో తాళ్లు ఒరుసుకుని తెగిపోతాయని చాలామంది హెచ్చరించారు. తెగలేదు. బాల్సా మెత్తటి చెక్క, తాళ్లు అందులోకి దిగబడి ఒరిపిడి నుంచి తప్పించుకున్నాయి. దుంగలు పచ్చివి కావడంతో లోపలి చెమ్మ సముద్రపు నీటిని ఆపింది. ఎండిన దుంగలు వాడి ఉంటే మునిగేవారు. పాత మనుషుల పనితనాన్ని పుస్తకంలో కాకుండా నీళ్ల మీద పరీక్షించడం అంటే ఇదే.

తర్వాత కింది అంతస్తుకు దిగండి. తెప్ప కింది సముద్రాన్ని అక్కడ కట్టారు, తిమింగలమంత షార్క్ బొమ్మ ఉంటుంది. పిల్లలు అక్కడి నుంచి కదలరు.

పిల్లలు అడగవచ్చు కాబట్టి ఒక సంగతి తెలుసుకుని ఉండండి. పసిఫిక్‌లోని పాలినీషియా దీవులకు మనుషులు దక్షిణ అమెరికా నుంచి వచ్చారన్నది హయర్‌డాల్ వాదం. వాళ్ల పూర్వీకులు ఆసియా వైపు నుంచి వచ్చారని భాషలూ, జన్యువులూ చెబుతున్నాయి. కాబట్టి ఆయన వాదం నిలబడలేదు. అయితే 2020లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం క్రీ.శ. 1200 ప్రాంతంలో ఆ రెండు జనాలూ ఎక్కడో కలుసుకున్న మాట నిజం. యాత్ర గొప్పదే, దాని నుంచి తీసిన ముగింపు మాత్రం అంత గట్టిది కాదు. రెండూ పక్కపక్కన చెప్పడమే న్యాయం.

అక్కడే రా-2 అనే పపైరస్ గడ్డి పడవ ఉంది. 1970లో మొరాకో నుంచి బార్బడోస్‌కు 57 రోజుల్లో అట్లాంటిక్ దాటింది. ఆ తర్వాత ఆయన టైగ్రిస్ అనే రెల్లు పడవ కట్టి ఇరాక్ నుంచి సింధు లోయ తీరం దాకా వచ్చాడు. మెసపొటేమియా వర్తకులు మన సింధు నాగరికత వాళ్లతో సముద్రం మీద రాకపోకలు సాగించి ఉండొచ్చని చూపించడం కోసం. చివరికి 1978లో జిబూటీలో, చుట్టూ జరుగుతున్న యుద్ధాలకు నిరసనగా తన పడవను తానే తగలబెట్టాడు.

మూడోది నార్వే సముద్రయాన మ్యూజియం

ఇప్పటికి కాళ్లు లాగుతుంటాయి. ఇక్కడ అన్నీ చూడాలనుకోకండి, మూడు చాలు.

మొదట దోనె. ఒక్క చెట్టును తొలిచి చేసింది, వయసు సుమారు 2,200 ఏళ్లు, నార్వేలో దొరికిన పడవల్లో అతి పాతది. కొల్లేరులో తాటిదోనె ఎక్కినవాళ్లు దీని దగ్గర కాసేపు ఆగుతారు.

రెండోది కోలిన్ ఆర్చర్ గీసిన పడవలు. వాటి గురించి ఎక్కడ కనిపించినా చదవండి. ఫ్రామ్ కట్టిన ఆయనే తుపానులో చిక్కుకున్న జాలర్లను కాపాడే తెరచాప పడవలకు కూడా రూపం ఇచ్చాడు. నాకు ఆ పనే ఇంకా పెద్దదనిపిస్తుంది.

మూడోది రెండో ప్రపంచ యుద్ధం. జర్మనీ నార్వేను ఆక్రమించినప్పుడు నార్వే వర్తక ఓడలు వెయ్యి దాకా బయట సముద్రాల మీద ఉన్నాయి. అవి మిత్రరాజ్యాల కోసం చమురు, తిండి, ఆయుధాలు మోశాయి. మూడు వేల మందికి పైగా నావికులు తిరిగి రాలేదు. వాళ్లు సైనికులు కారు, జీతానికి ఓడెక్కినవాళ్లు. మధ్యాహ్నం మీరు నిలబడి వచ్చిన స్మారకం వాళ్లదే. మన కోనసీమ నుంచీ, ఉత్తరాంధ్ర నుంచీ ఓడల్లో పనికి వెళ్లిన మనుషులున్న ఇంటివాళ్లకు ఈ గది బరువుగా అనిపిస్తుంది.

తిరుగు ప్రయాణం

చివరి పడవ ఎప్పుడో పొద్దున్న దిగినప్పుడే బోర్డు మీద చూసి ఫోటో తీసుకోండి. తప్పిపోయినా టెన్షన్ వద్దు, 30వ నంబరు బస్సు ఉంది. దారిలోనే జానపద మ్యూజియం వస్తుంది, 1200 ప్రాంతపు చెక్క చర్చి ఉందని బోర్డు పిలుస్తుంది. వెళ్లకండి. దానికి ఇంకో పూట కావాలి, అలసిన కళ్లతో చూస్తే దానికీ అన్యాయం చేసినట్టే.

పడవలో వస్తే మళ్లీ సిటీ హాల్ దగ్గరే దిగుతారు. తెరిచి ఉంటే లోపలికి వెళ్లి పెద్ద హాలు చూడండి. ప్రతి డిసెంబరు 10న నోబెల్ శాంతి బహుమతి ఇచ్చేది ఆ హాల్లోనే. 2014లో కైలాష్ సత్యార్థి అందుకున్నదీ అక్కడే. మూసి ఉంటే రేవు మెట్ల మీద కూర్చోండి. జూన్‌లో రాత్రి పదిన్నర దాకా వెలుగు ఉంటుంది. ఫ్లాస్కులో టీ మిగిలి ఉంటే అది తాగడానికి అంతకన్నా మంచి చోటు లేదు. చలికాలంలో అయితే మధ్యాహ్నం మూడుంపావుకే చీకటి పడుతుంది, అప్పుడు పొద్దున్నే మొదలుపెట్టి ఫ్రామ్, కొన్-టికి రెండింటితో సరిపెట్టుకుని బస్సులో వచ్చేయండి.